నడిమర్రలో పాతర

నిరుడు మే నెల రెండో గురువారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మేస్త్రీ మా దర్వాజా దాటి లోపలికి వచ్చాడు. మా గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ రెండు నిమిషాలు తీసేసే చెబుతున్నాను. అంతకు ముందు నాకున్నది దుమ్ము గురించిన విసుగు, సామాను ఎక్కడ సర్దాలన్న బెంగ, అంతే. భయం ఆ పొద్దున మొదలైంది.

మేస్త్రీది కుల్చారం పక్క ఊరు. మా ఇంటి నేలకు టైల్స్ వేయాలంటే ఎంత సిమెంటు పడుతుందో, ఏ గది ముందు చేయాలో, మేము ఎక్కడ పడుకోవాలో చూసి చెప్పడానికి వచ్చాడు. వెంట ఒక కూలీ ఆమె వచ్చింది. ఆమె తట్ట బోర్లించుకుని వాకిట్లో కూర్చుంది.

మాది ఖిల్లా కింది గల్లీలో పాత ఇల్లు. నేలంతా షాబాదు బండలు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నారు. పెద్దమనుషులు వీధి వైపు నుంచి పెరడు దాకా తాడు పట్టి, సరిగ్గా సగానికి ఒక ఇటుక గోడ లేపించారు. ఎడమ సగం మా బావగారికి, కుడి సగం మాకు. ఆ అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. గోడకు అటు మా యారాలు, అంటే బావగారి భార్య, తన కొడుకు కోడలితో ఉంటుంది. ఇటు నేను నా కొడుకు కోడలితో ఉంటాను. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్దది. అక్కా అంటాను.

అంతకు ముందు చలికాలంలో ఆమె బాయి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానాలో పట్టీలు వేసి పంపారు కానీ మళ్లీ లేచి నడవలేకపోయింది. గోడ చల్లగా ఉంటుందని మంచం గోడకు ఆనించి వేయించుకుంది. చాయ్ తాగాక తన స్టీలు గిలాసతో గోడ మీద రెండుసార్లు కొట్టేది. తాగాను అని దాని అర్థం. నేను ఇటునుంచి చేతికర్రతో ఒకసారి కొట్టేదాన్ని. విన్నాను అని దాని అర్థం. గోడకు ఆనించి నా బీరువా ఉండేది కాబట్టి, దాని పక్కనున్న జానెడు సందులోనే నా కర్ర ఆడేది.

పాతర గురించి ఇక్కడే చెప్పాలి. పూర్వం జొన్నలు నిల్వ చేయడానికి ఇంటి నేలలోనే గొయ్యి తవ్వేవారు. మూతి ఒక మనిషి దిగేంత, లోపల కడవలాగా వెడల్పు, లోతు మనిషికి మించి. చుట్టూ గడ్డి పేర్చి జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేవారు. నేను కోడలిగా వచ్చింది గోడ లేచాకే. అప్పటికే మా ఇంటి పాతర మూసేసి, పైన బండలు పరిచేశారు. నేను దాన్ని చూడలేదు. గోడ లేచిన మూడో ఏట మా అత్తగారు మంచాన పడింది. అప్పుడు నా దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "నడిమర్రల పాతరున్నది బిడ్డా. మీద బరువు పెట్టకుండ్రి," అంది. తరవాత వారం రోజులకు పోయింది.

నా సగంలో ఒకదాని వెనక ఒకటి మూడు గదులున్నాయి. ముందు గది, నడిమి గది అయిన నడిమర్ర, వంటిల్లు. వీటికి ఎడమ పక్కన, పంపకాల గోడ వెంట పొడుగ్గా నా పడక గది. దాన్ని మేము గోడ అర్ర అంటాం. అత్తగారి మాట విన్న రోజు నుంచి ఇరవై తొమ్మిదేళ్లు నేను నడిమర్రలో బరువు పెట్టలేదు. ఒక చాప, ఒక దీపం గూడు తప్ప ఏమీ లేవు. ఫ్రిజ్ కొన్నప్పుడు వంటింట్లో ఇరుకిరుకుగా ఇరికించాం. నా కొడుకు చిన్నప్పుడు అందులో తాడు ఆట ఆడితే వీపు మీద రెండు పడ్డాయి. వాడి పెళ్లికి వచ్చిన చుట్టాలను అందులో ముగ్గురికి మించి కూర్చోనివ్వలేదు. నా చాదస్తం గల్లీ అంతటికీ తెలుసు. బరువైనవన్నీ గోడ అర్రలో పెట్టించాను. ఇనుప బీరువా, రెండు బియ్యం డ్రమ్ములు, కుట్టు మిషను, నా మంచం.

టైల్స్ ఆలోచన కోడలిది. బండలు ఎగుడుదిగుడైపోయి, ఎంత కడిగినా సందుల్లో మురికి నిలుస్తుందని, ఒంగి రుద్దలేక నడుము పోతోందని రెండేళ్లుగా అంటోంది. అది నిజమే. పైగా గోడ అర్రలో కడిగిన నీళ్లు మోరీ వైపు పోకుండా గోడ వైపే పోయి నిలవడం మొదలైంది. శివరాత్రి ముందు ఆ నీళ్లలోనే నేను జారాను. పడలేదు, బీరువా పట్టుకున్నాను. ఆ సంగతి విన్నాక నా కొడుకు ఇక ఆగలేదు. రామాయంపేట రోడ్డు దుకాణం నుంచి నాలుగు రకాల టైల్స్ ముక్కలు తెచ్చి నా ముందు పరిచాడు. పాత బండలు పీకకుండా వాటి మీదే వేసేద్దామని వాడి ప్లాను. నేను టేపు పట్టి గదులన్నీ కొలిచాను. గడప ఎత్తు తగ్గుతుంది, తలుపులు కింద అరంగుళం కోయాలి అని లెక్క చెప్పాను. అన్నింటికీ ఒప్పుకున్నాను కానీ నడిమర్రలో వద్దన్నాను. సిమెంటు బరువు, ఇసక బరువు, టైల్స్ బరువు అన్నీ కలిపితే ఎంతో వాడికి చెప్పాను.

"అన్ని అర్రలల్ల ఏసి అదొక్కటి ఇడిస్తె, ముందటి పన్ను ఊడినట్టు ఉంటదమ్మా," అన్నాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మేస్త్రీ వచ్చి బండలు కొట్టి చూస్తాడు. పాతర ఏ బండల కింద ఉందో తేలితే ఆ నాలుగు బండలు వదిలేసి మిగతాదంతా వేస్తారు. నా కొడుకు ఎరువుల దుకాణంలో పని చేస్తాడు. ఆ రోజు శంకరంపేటకు లోడు దింపించడానికి పోతూ, మేస్త్రీని నాకు అప్పజెప్పి వెళ్లాడు.

మేస్త్రీ సుత్తె తిరగేసి పట్టుకుని, కర్ర పిడితో నడిమర్రలో బండ బండా కొట్టాడు. నేను గుమ్మంలో నిలబడి ప్రతి దెబ్బకూ చెవి పెట్టాను. మూలల్లో కొట్టాడు, నడుమ కొట్టాడు, దీపం గూడు కింద కొట్టాడు. అన్నీ ఒకే చప్పుడు, గట్టిగా, పొట్టిగా. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"పెద్దమ్మా, గిక్కడ పాతర లేదు, గీతర లేదు. గిది ఖిల్లా బండ లెక్కున్నది. ఏనుగును కట్టేసుకోండ్రి."

వంటింట్లోంచి కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సంతోషమూ కలగలేదు. మా అత్తగారు కోపిష్టిదే కానీ, లేని మాట చెప్పే మనిషి కాదు. పాతర ఉంది. ఇక్కడ లేదు. మరి ఎక్కడుంది?

మేస్త్రీకి అది తట్టలేదు. తన పనిలో తాను గోడ అర్రలోకి పోయాడు. గుమ్మం దగ్గరి నుంచి కొట్టుకుంటూ ముందుకు జరిగాడు. ఒక వరుస గట్టిగా పలికింది. రెండో వరుస కూడా. మూడో వరుసలో, నా మంచం కాళ్ల దగ్గర, చప్పుడు మారింది. ఖాళీ డ్రమ్మును గుద్దినట్టు లోపలికి దిగి, కింద ఎక్కడో తిరిగి, ఆలస్యంగా పైకొచ్చింది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. ఇంకోసారి కొట్టలేదు. చెవి బండకు ఆనించి, మమ్మల్ని మాట్లాడవద్దని వేలు చూపించాడు.

ఆ చప్పుడు గుమ్మంలో ఉన్న నాకూ వినిపించింది. చేటలో నూకలు మెల్లగా వంచితే జారే చప్పుడు. నేల కింద మట్టి జారుతోంది. కాసేపు జారి ఆగింది.

ఆయన లేవకుండానే బీరువా కింద చూశాడు. బీరువా తల గోడ వైపు వాలుతోందని నేను వెనక కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను.

"గీ అట్టలెవరు పెట్టిండ్రు?"

నేనే అన్నాను. ఎన్నేళ్ల నుంచి అని అడిగాడు. నాలుగేళ్ల నుంచి, ఏటా ఒకటి అని చెప్పాను. ఏ ఏడు ఏ నెలలో పెట్టానో కూడా చెప్పగలను కానీ ఆయన అడగలేదు. ముఖం మారిపోయింది. వచ్చిన బండల మీదుగానే, ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక్కి వచ్చాడు. గుమ్మం దాటాక మెల్లగా అడిగాడు.

"గోడకవుతల ఎవలన్న ఉంటరా?"

నేను జవాబు చెప్పకముందే గోడ అవతల గిలాస రెండుసార్లు మోగింది. అక్క పది గంటల చాయ్ తాగింది. గోడ అడుగున, బండ అంచు దగ్గర, సన్నటి ఎర్రటి మట్టి పొడి రాలింది. ప్రతిరోజూ ఆ చప్పుడుకు జవాబు చెప్పే నా కర్ర చేతిలోనే ఉంది. కొట్టడానికి వణికాను. కొట్టకపోతే ఆమె విసుగుతో మళ్లీ గట్టిగా కొడుతుందని ఇంకా వణికాను.

అలాగే జరిగింది. ఈసారి నాలుగు కొట్టింది.

కొడుకుకు ఫోను చేశాను. గంటలో వస్తానన్నాడు. అక్క కొడుకు పాపన్నపేటలో ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ ఇంజను రొదలో వాడికి ఫోను వినిపించదు. వాడి భార్య బట్టల దుకాణంలో పనికి పోయింది. గోడ అవతల, గోడకు ఆనుకున్న మంచం మీద, లేవలేని మనిషి ఒక్కతే ఉంది.

మా గుమ్మం నుంచి వీధిలోకి దిగి పక్క గుమ్మం ఎక్కడానికి ఎన్నో అడుగులు లేవు. ఆ రోజు అవి ఒక పట్టాన పడలేదు. నేను అడుగు వేస్తే ఆ అదురు నేల కిందుగా పోయి ఆమె మంచాన్ని తాకుతుందేమో అనిపించింది. వీధిలో నీళ్ల ట్యాంకరు పోతోంది. దాన్ని ఆపమని కోడలిని పరిగెత్తించాను. అది ఆగాకే అక్క గుమ్మం ఎక్కాను.

అక్క నన్ను చూడగానే మొదలుపెట్టింది. "చెవులు కూడ పొయినయా సెల్లె? నాలుగు కొట్టిన."

నేను ఆమె గది గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎప్పుడూ వచ్చి మంచం మీద కూర్చునే మనిషిని. లోపలికి రావడం లేదేమని ఆమె వింతగా చూసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా అడిగేశాను.

"అక్కా, పాతర ఏడున్నది?"

"నడిమర్రల."

"నడిమర్రల లేదు. మేస్త్రి కొట్టి చూసిండు."

"ఏ నడిమర్ర?"

ఏ నడిమర్ర ఏమిటి, ముందు గదికీ వంటింటికీ నడుమ ఉన్నది అన్నాను. ఆమె నవ్వు మొదలుపెట్టి దగ్గులో పడింది.

"అది నడిమర్ర ఎట్లయితది? అది గడ్డి అర్ర. నువ్వు రాకముందు బర్రెల గడ్డి పడేస్తుంటిమి. నడిమర్రంటే గిదే. గోడ లేపంగ నీది సగం, నాది సగం అయింది. పాతర మూతి గీ గోడ కిందికే వొయింది."

మా అత్తగారు చివరిదాకా ఇంటిని పాత పేర్లతోనే పిలిచింది. గోడ లేచాక పేర్లు మారాయని ఆమె మనసుకు పట్టలేదు. నేను ఆ మాటను నా సగం ఇంట్లో వెతుక్కున్నాను. గట్టి నేలను ఇరవై తొమ్మిదేళ్లు కాపాడి, ఇంటి బరువంతా తీసుకుపోయి గొయ్యి మీద పెట్టాను.

ఇన్నేళ్లు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వడిగితివా? ఇల్లంత టేపు వట్టుకోని తిరుగుతవు, నీకెరుకలేనిది ఏమున్నదనుకున్న. ఇనుప బీరువా తెచ్చి గోడకు పెట్టినవంటె, గట్టిదని చూసుకునే పెట్టినవనుకున్న. నిన్ను చూసే నేనూ మంచం ఏసిన."

నేను ఆమెను చూసి ఒక్క పనీ చేయలేదు. ఆమె మాత్రం నన్ను చూసి ఈ పని చేసింది. ఇంకొక్క ఆశ మిగిలింది. మూసేటప్పుడు పాతరను మట్టితో నింపే ఉంటారు కదా అన్నాను.

"నింపిండ్రు. ఊక వోసిండ్రు, పొయ్యిల బూడిద, పలిగిన కుండలు. మన్ను మొయ్యనీకె మనుషులేరి గప్పుడు? అందరు నాట్లకు వోయిండ్రు."

ఊక కుళ్లుతుంది, బూడిద కుంగుతుంది. రెండేళ్లుగా నేను కడిగిన నీళ్లన్నీ గోడ వారన లోపలికే దిగాయి. ఇది మేస్త్రీ చెప్పనక్కర్లేదు. వెనకనుంచి వచ్చి ఆయన అన్నీ విన్నాడు. అక్కకు వినపడకుండా, మంచం ఇప్పుడే జరపాలి, కొడుకుల కోసం ఆగవద్దు అన్నాడు.

మంచం ఈడిస్తే నేల అదురుతుంది. అందుకని ఎత్తాలన్నాడు. మోయడానికి మేస్త్రీ, కూలీ ఆమె, నా కోడలు, ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన. ముందు మేస్త్రీ ఒక్కడే లోపలికి పోయి, వేళ్ల కణుపులతో మెల్లగా తట్టి చూస్తూ, గట్టిగా ఉన్న బండల మీద సున్నపు ముక్కతో గీత పెట్టాడు. గోడ వైపు తన ఆటోలోని రెండు పొడుగు చెక్కలు పరిచాడు. తొక్కుడు బిళ్ల ఆటకు గీసిన గడుల్లా ఉన్నాయి ఆ గీతలు. నన్ను మోయనివ్వలేదు. గుమ్మంలో నిలబడి, ఎవరి కాలు ఏ బండ మీద పడాలో చెప్పమన్నాడు. వెనక్కి నడిచేవాళ్లకు తమ కాళ్లు కనిపించవు. ఆ పని చేతులతో మోయడం కంటే బరువైనది. నేను తప్పు చెబితే ఒక మనిషి దిగిపోతుంది.

అక్కకు అప్పుడు అర్థమైంది. అరవలేదు. కొంగు సర్దుకుని రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుంది. మంచం లేచింది.

"నలుగురు మోస్తుండ్రు," అంది పైకప్పు చూస్తూ. "డప్పులే తక్కువ."

నోరు మూయమని కసిరాను. ఇస్త్రీ ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. కోడలిని ఎడమ కాలు అన్నాను, మేస్త్రీని ఆగమన్నాను, కూలీ ఆమెను ఒక గడి వెనక్కి అన్నాను. వాళ్లు అరుగు మీద దీపాలు పెట్టేవాళ్లలాగా మెల్లగా కదిలారు. తలవైపు మోసేవాళ్ల కాళ్లు చెక్కల మీదినుంచి దిగిన క్షణంలో కింద మళ్లీ జారింది. ఈసారి నూకలు కాదు, గంప వంచినట్టు జారింది. కిటికీ అంచు మీదున్న గిలాస కింద పడి, గోడ వైపు దొర్లుకుంటూ పోయి, గోడకు తగిలి ఆగింది. మా అందరి కళ్లూ దాన్నే చూశాయి. నేల ఎంత వాలిందో అది చెప్పేసింది.

"నా గిలాస," అంది అక్క.

అది నాకు నాలుగు బండల దూరంలో ఉంది. తీసివ్వాలని నా కాలు దానంతటదే లేచింది. మేస్త్రీ మంచం మోస్తూనే, గొంతు పెంచకుండా, "పెద్దమ్మా, ఇడ్వుండ్రి," అన్నాడు. కాలు వెనక్కి తీసుకున్నాను.

ఆమెను తీసుకుపోయి ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ అడగలేదు. నా ఇంట్లో ఖాళీగా, గట్టిగా ఉన్న గది ఒక్కటే. మంచం అక్కడ దించాక అక్క నాలుగు గోడలూ చూసింది.

"ఆఖరికి గడ్డి అర్రల పండవెట్టినవ్."

నా కొడుకు పన్నెండు దాటాక వచ్చాడు. మేస్త్రీ మాట విని ముందు భయపడ్డాడు. తరవాత బీరువాలో ఇంటి కాగితాలున్నాయని గుర్తొచ్చింది. ఒక్క నిమిషంలో తీసుకుని వస్తానని చెప్పులు విడిచాడు. బరువు తీసినా కదలిక వస్తుంది, గదిలోకి ఎవరూ పోవద్దని మేస్త్రీ చెప్పి ఉన్నాడు. తెల్లారి గోడకు ఆనుపెట్టడానికి కర్ర బాదులు తెస్తానని, అప్పటిదాకా కాపలా ఉండమని చెప్పి పోయాడు. నా కొడుకు వినలేదు. గోడ పొద్దున్నించి నిలబడే ఉంది కదా అన్నాడు. అక్క మీద వచ్చిన భయం ఒక ఎత్తు. కొడుకు మీద వచ్చింది ఇంకో ఎత్తు. నేను గోడ అర్ర గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను.

"నువ్వు పొయ్యి వచ్చేదాక ఆగుతనని గోడ నీకు చెప్పిందా?"

"అమ్మా, జెర తప్పుకో."

"నన్ను ఎత్తి పక్కకు పెట్టి పో."

వాడు నన్ను ఎత్తగలడు. వాడికి ఆ బలం ఉంది. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. చాలాసేపు నా చేతుల వైపు చూశాడు. తరవాత చెప్పులు మళ్లీ వేసుకుని వాకిట్లోకి పోయి కూర్చున్నాడు. నేను గుమ్మం వదల్లేదు. కోడలు కుర్చీ తెచ్చి వేస్తే అందులోనే కూర్చున్నాను. అన్నం అక్కడికే తెచ్చింది.

నాలుగు దాటి పది నిమిషాలకు బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. తాళం వేసే ఉంది, అయినా తెరుచుకుంది. లోపల మడతపెట్టిన నా చీరలు కనిపించాయి. తరవాత బీరువా, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పినట్టు, గోడ వైపు తిరిగి కిందికి దిగింది. గోడ పడలేదు. పడడమంటే ఒక వైపు ఒరగాలి. అది నిలువుగా నడుమ నుంచి లోపలికి పోయింది. చప్పుడు నేను అనుకున్నంత పెద్దది కాదు. బండలు ఒకదాని మీద ఒకటి జారిన చప్పుడు, ఆ వెనక దుమ్ము. నా కొడుకు వెనకనుంచి కుర్చీతో సహా నన్ను ఇవతలికి లాగాడు. పైకప్పు రేకులు వేరే దూలాల మీద ఉన్నాయి కాబట్టి నిలిచాయి.

దుమ్ము తగ్గాక చూస్తే గోడ లేదు. అక్క గది కిటికీ నాకు ఇటునుంచి కనిపించింది. ఆమె క్యాలెండరు, ఆమె మందుల సంచీ, సున్నం గీతలు పెట్టిన బండలు కొన్ని. ఆమె మంచం ఉన్నచోట ఏమీ లేదు, చీకటి ఉంది. ఆ చీకటిలోంచి పాత జొన్నల వాసన, తడి బూడిద వాసన పైకొచ్చాయి. నా కొడుకు అది చూసి గుమ్మం పక్క గోడకు ఆనుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. నడిమర్రలోంచి అక్క ఏమైందని అరుస్తూనే ఉంది.

తెల్లారి మేస్త్రీ లాంతరును తాడుకు కట్టి గొయ్యిలోకి దించాడు. సగంలోనే దీపం ఆరిపోయింది. లోపల గాలి చెడిపోయిందని, రెండు రోజులు ఎవరినీ దిగనివ్వలేదు. మూడో రోజు అక్క కొడుకు ట్రాక్టరు గొలుసుతో బీరువాను పైకి లాగాడు. కాగితాలు మట్టికొట్టుకుని ఉన్నా అక్షరాలు చెడలేదు. తరవాత ట్రాక్టరుతో మొరం తెచ్చి, పొర పొరకూ నీళ్లు పోసి దిమ్మిస కొట్టించారు. మేస్త్రీ ఈసారి సుత్తె తిరగేసి కొట్టి చూసి, ఇప్పుడు వేసుకోండి టైల్స్ అన్నాడు. రెండు ఇళ్లకూ కలిపి ఒకే రకం తెచ్చారు. గోడ మళ్లీ ఎక్కడ లేపాలన్నది ఆ కొడుకూ ఈ కొడుకూ ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి ఒక పరదా ఉంది.

అక్క నడిమర్రలోనే ఉంది. తన గదికి తీసుకుపోతామంటే, గడ్డి అర్రే గట్టిది అంటుంది. చాయ్ తాగాక కొట్టడానికి మా ఇద్దరి నడుమ గోడ లేదు. తాగిన సెల్లె, అని నోటితో చెబుతుంది.

నాకు భయం పోలేదు. కొత్త టైల్స్ అద్దంలా ఉన్నాయి. నేను మాత్రం ప్రతి పొద్దునా మంచం దిగేముందు చేతికర్రతో నేలను కొట్టి, చప్పుడు విని, అప్పుడు కాలు పెడతాను. చుట్టాల ఇళ్లకు పోయినా అంతే. ఏ గదిని ఏమంటారో, వాళ్ల అత్తగారు దాన్ని ఏమనేదో అడుగుతాను. వాళ్లు నవ్వుతారు.

పోయినవి చెబుతాను. ఇటుక గోడ, పద్నాలుగు అడుగులు. షాబాదు బండలు, ఇటు తొమ్మిది, అటు ఏడు. బియ్యం, డ్రమ్మున్నర. కుట్టు మిషను ఒకటి. నా మంచం. బీరువా దొరికింది కానీ తలుపు పట్టదు, దాన్ని కూడా పోయినవాటిలోనే వేస్తున్నాను. ఒక గది, ఇరవై తొమ్మిదేళ్లు. మనుషుల లెక్క, సున్నా. స్టీలు గిలాస, ఒకటి.